మాసమ్మ పెట్టె, రత్నాకరం గారి నెత్తి

మాసమ్మ పగ పెద్దదేమీ కాదు. ఒక ట్రంకు పెట్టెలో పట్టేంత. ఆ పెట్టెను రత్నాకరం గారు నెత్తిన పెట్టుకుని, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా నడిరోడ్డు మీద మోయాలి. అంతే. ఆయన పోవాలని ఆమె కోరలేదు, ఆయన పిల్లలకు రోగాలు రావాలని శపించలేదు. శాపాలు పెట్టేవాళ్ళంటే ఆమెకు చిన్నచూపు. "నోటితోని తిడితే ఏమొస్తది? గొంతు నొప్పి" అనేది.

చిక్కడపల్లికీ నారాయణగూడకీ మధ్య ఒక గల్లీలో పాత చర్చి ఉంది. దాని వెనక ప్రహరీకి ఆనించి ఒక గుడిసె ఉండేది. మాసమ్మ భర్త ఈదయ్య ఆ చర్చిలో గంట కొట్టేవాడు, బెంచీలు తుడిచేవాడు, సంఘంలో ఎవరు కన్నుమూసినా నారాయణగూడ సమాధుల తోటలో గుంత తవ్వేవాడు. మెదక్ దిక్కు పల్లె నుంచి పడుచువాడుగా వచ్చిన రోజుల్లో, అప్పటి తెల్ల దొరసాని ఆ గోడ చూపించి "ఇక్కడ ఉండు ఈదయ్యా" అందట. కాయితం లేదు, కలం లేదు, నోటి మాట. ఆ మాట మీదనే అతను గుడిసె వేసుకున్నాడు, మాసమ్మను తెచ్చుకున్నాడు, ముసలివాడయ్యాడు. ఒక వానాకాలం తన గుంతను ఇంకొకరి చేత తవ్వించుకుని వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు.

తర్వాత మాసమ్మ చర్చి ఊడ్చేది. మధ్యాహ్నం గుడిసె ముందు పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు చేసేది. అశోక్‌నగర్‌లో గదులు కిరాయికి తీసుకుని సర్కారు పరీక్షలకు చదివే పల్లె పిల్లలు చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఆకలితో వచ్చి, ఎల్లిపాయ తొక్కుతో తిని పోయేవారు. ఇంట్లో అమ్మ చేసినట్టే ఉందని ఎవరైనా అంటే "మీ అమ్మ ఇంత కారం ఎయ్యదులే" అనేది.

ఇక రత్నాకరం గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి, సర్కారు ఇంజినీరుగా రిటైరై, అశోక్‌నగర్‌లో మేడ కట్టుకుని, చర్చి కమిటీకి కార్యదర్శి అయ్యారు. ఏనాడూ లంచం తినని మనిషి. చిక్కంతా అక్కడే. లంచం తినేవాడికి లోపల ఎక్కడో ఒక భయం ఉంటుంది. తిననివాడికి తాను చేసేదంతా న్యాయంగానే కనిపిస్తుంది. చర్చి వెనక జాగాలో ఫంక్షన్ హాలు కడదామన్నారు. పెళ్ళిళ్ళకు కిరాయికిస్తే వచ్చే డబ్బు పేదల నిధికి పోతుందన్నారు. కమిటీ చప్పట్లు కొట్టింది. పేదల నిధి నిండాలంటే ముందు ఒక పేదరాలిని లేపాలన్నది ఎవరికీ వింతగా తోచలేదు.

తొంభై ఆరు డిసెంబరు. అడ్వెంటు మొదటి ఆదివారం. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో వారానికొకటి చొప్పున వెలిగించే కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగింది. పాస్టరు సత్యానందం గారు తలుపు తట్టే క్రీస్తు గురించి చాలాసేపు మాట్లాడారు. మర్నాడు పొద్దున మాసమ్మ తలుపు తట్టింది మాత్రం గడ్డపారలు పట్టుకున్న కూలీలు. వెనకాల ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని రత్నాకరం గారు.

"చెప్పాం కదమ్మా, నవంబరు ఆఖరుకల్లా ఖాళీ చేయమని."

"ఏడికి పోవాలె సార్?"

"ఎక్కడో ఒకచోటికి. మేం మాత్రం నిన్ను వదిలేస్తామా? ఈసారి పేదలకు దుప్పట్లు పంచేటప్పుడు మొదట నీ పేరే పిలవమన్నాను."

గుడిసె కూలడానికి ఎంతోసేపు పట్టలేదు. కూలీలు సామాను జాగ్రత్తగానే తెచ్చి బయట పెట్టారు. ట్రంకు పెట్టెను మాత్రం గేటు లోపలే ఉంచి, ఏం చేయమంటారన్నట్టు చూశారు. "ఇదిక్కడెందుకు, తీసేయండి" అంటూ రత్నాకరం గారు బూటు ముందు భాగంతో పెట్టెను నెట్టారు. అది గేటు మెట్టు మీంచి గల్లీలోకి జారి మూత తెరుచుకుంది. మాసమ్మ పెళ్ళిచీర, ఈదయ్య నల్లకోటు రోడ్డు మీద పడ్డాయి. వెనకే వచ్చిన స్కూటరు కోటు మీద నుంచి పోయింది. లైబ్రరీకి పోతున్న రొట్టెల పిల్లలు చూశారు. ఎదురుగా సోడా బండి పెట్టుకున్న అనసూయమ్మ చూసింది. రత్నాకరం గారు చూడలేదు. ఆయన అప్పటికే వెనుదిరిగి టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నారు.

మాసమ్మ కోటు దులిపింది. టైరు అచ్చు పోలేదు. పెట్టె మూసి, నెత్తికెత్తుకుని, బాగ్ లింగంపల్లిలో ఉన్న ఆడబిడ్డ ఇంటికి నడిచింది. ఆ నడకలోనే పగ పుట్టింది. ఒక్కో అడుగుకూ పెట్టె బరువు మెడలోకి దిగుతుంటే, ఈ బరువు దిగాల్సిన మెడ ఇది కాదని ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది.

రెండో ఆదివారం తెల్లవారగానే ఊడ్చడానికి వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది.

ప్రతి ఏడూ చర్చి ముందు చర్చి కుర్రాళ్ళు అట్టముక్కలతో పశువుల పాక కడతారు. లోపల మరియ బొమ్మ, యోసేపు బొమ్మ, గొర్రెలు, ఖాళీ తొట్టి. బాలయేసును క్రిస్మస్ రోజు దాకా పెట్టరు. ఈసారి అట్టలు కావు. వెదురు బొంగులు, తాటాకు కప్పు, నిజమైన తలుపు. తలుపు మీద ఎండిపోయిన చిన్న చిన్న ఆకు సిలువలు ఒకదాని కింద ఒకటి మేకులతో కొట్టి ఉన్నాయి. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం చర్చిలో చేతికిచ్చిన ఆకును ఇంటికి తెచ్చి, సిలువగా మడిచి తలుపుకు కొట్టడం ఈదయ్య అలవాటు. పాతది ఏనాడూ పీకేవాడు కాదు.

"అక్కా, గిది నా తలుపు గాదా?"

అనసూయమ్మ సోడా సీసాలు కడుగుతూనే అంది: "నీదే. నిన్న పొద్దంత నీ ఇల్లే కట్టిన్రు. ఆ సారే చెప్పిండట, పాత సామాను ఊకె పడున్నది, వాడితె అచ్చం పల్లెటూరి పాక లెక్క ఉంటదని. నీ ఇల్లు నీకు లేదు గని బొమ్మలకైతే అయింది."

"అంటే ఇల్లు ముందటికి జరిగిందన్నట్టు."

"ఏందే?"

"ఏం లేదు. నా చాప నీ బండి కింద పెట్టిన గదా, ఇటియ్యి."

ఆరాధనకు జనం వచ్చేసరికి మాసమ్మ పాకలో కాపురం పెట్టేసింది. చాప పరిచింది. యోసేపును జర పక్కకు జరిపింది. మరియను మాత్రం కదపలేదు. పాక వెనక మూడు ఇటుకలు పెట్టి పొయ్యి రాజేసింది. చిన్నపిల్లలు ఇది నాటకం అనుకుని చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు నవ్వాలో లేదో తెలియక బైటే నిలబడిపోయారు. రత్నాకరం గారు కారు దిగారు.

"ఏంటమ్మా ఇది?"

"ఇల్లు సార్."

"తమాషాగా ఉందా? లే ముందు."

"మీరే కట్టిచ్చిన్రంట గదా సార్. దర్వాజ గూడ నాదే పెట్టిన్రు. పోయిన సోమవారం నాకు మస్తు కోపమొచ్చింది. ఇట్ల మంచిగ ముందట కట్టిస్తరని తెల్వక."

ఎవరో కిసుక్కుమన్నారు. రత్నాకరం గారు కుర్రాళ్ళ వైపు చూశారు, వాళ్ళు గొర్రె బొమ్మల వైపు చూశారు. పోలీసుల మాట ఎత్తబోయి ఆగిపోయారు. అడ్వెంటులో, చర్చి ముందు, పశువుల పాకలోంచి ఒక విధవరాలిని పోలీసుల చేత లాగించడం ఎలా ఉంటుందో ఆయన బుర్రకూ అందింది. ఇంజినీరు కదా, ఏ దూలం తీస్తే ఏది కూలుతుందో తెలుసు.

ఆ రోజు ప్రసంగం సత్రంలో చోటు దొరకని మరియ, యోసేపుల గురించి. సత్యానందం గారు మంచివారే, పిరికివారు. సరిగ్గా సత్రం దగ్గరికి వచ్చేసరికి కిటికీలోంచి కాలుతున్న జొన్నరొట్టె వాసన, వెంటనే ఎల్లిపాయ తొక్కు ఘాటు లోపలికి వచ్చాయి. ముందు బెంచీలో ఒక పెద్దమనిషి తుమ్మాడు. పాస్టరు గారు ఒక పేజీ తిప్పబోయి రెండు తిప్పి, ఏకంగా బాలయేసును చూడవచ్చిన జ్ఞానుల దగ్గర తేలారు.

వారమంతా గిరాకీ పెరిగింది. పిల్లలు పాక ముందు వరుసగా కూర్చుని తింటుంటే కమిటీవాళ్ళ కార్లు గేట్లో హారను కొడుతూ నిలబడేవి. మాసమ్మ తీరిగ్గా రొట్టె తిప్పుతూ, "జర ఆగున్రి సార్, ఇంగ రెండు బుక్కలున్నయి" అనేది.

రత్నాకరం గారి భార్య విజయశ్రీ గారు, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, ఒక కొత్త దుప్పటి తీసుకుని వచ్చారు.

"మాసమ్మా, చలిలో ఇలా కూచుంటే ఏమైనా అయితే మాకు పాపం కాదా? ముందు ఇది కప్పుకో."

"నిరుడు ఇచ్చింది ఉందమ్మా. కప్పుకుని పండుకుంటే దాంట్లకెల్లి చుక్కలు కనిపిస్తయి. మంచిగుంటది."

విజయశ్రీ గారి ముఖం మాడిపోయింది. దుప్పటి తొట్టి మీద పెట్టి వెళ్ళిపోయారు. మాసమ్మ దాన్ని ముట్టుకోలేదు.

అసలు గడబిడ నాలుగో ఆదివారం గురించి. ఆ రోజు బిషప్‌గారు వస్తున్నారు. ఫంక్షన్ హాలుకు శంకుస్థాపన. గేట్లోకి రాగానే మొదట కనబడేది పాక. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక సత్యానందం గారు పాక ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"మాసమ్మా, బావి పక్కన ఒక గది ఉంది చూడు, విరిగిన బెంచీలు పడేసింది. అది నీకిస్తామన్నారు. నువ్వున్నన్నాళ్ళూ నీదే. కమిటీ అంతా ఒప్పుకుంది."

మాసమ్మ గుండె ఒక్కసారి ఎగిరింది. పక్కా గది. వానకు కారదు. కానీ ముఖం మీద ఏమీ కనబడనీయలేదు.

"మంచిది అయ్యగారు. మల్ల నా పెట్టె?"

"ఎక్కడుంది? కుర్రాళ్ళను పంపి తెప్పిస్తాను."

"వాళ్ళెందుకు తేవాలె? వాళ్ళు తన్నిన్రా? తన్నినాయనే తేవాలె. నెత్తిమీద పెట్టుకుని. బాగ్ లింగంపల్లికెల్లి."

పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది పగ అవుతుంది మాసమ్మా. ప్రభువు క్షమించమన్నాడు కదా."

"క్షమిస్త అయ్యగారు. మోసినంక."

"క్షమాపణ ముందు రావాలి."

"తన్నుడు ముందొచ్చింది గదా. ఆ వరుసల్నే పోదాం."

"గది మాత్రం తీసుకో. ఆయన పెద్దమనిషి, అంత పట్టు పట్టకు."

"పెట్టె రాకుంటె గది గూడ వద్దు. ఈడనే ఉంట. బిషప్ అయ్యగారికి రెండు రొట్టెలు పెడ్త."

సత్యానందం గారు రత్నాకరం గారింటికి వెళ్ళి సంగతి చెప్పారు. ఆయన నవ్వారు. తర్వాత కోప్పడ్డారు. తర్వాత తన సర్వీసులో ఎంతమంది బిల్‌కలెక్టర్లను సస్పెండు చేశారో చెప్పారు. అప్పుడు ఆ పిరికి మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి ధైర్యం చేశారు.

"మీరు మోయకపోతే నేను మోస్తానండీ. కాకపోతే, దారిలో ఎవరైనా ఎందుకు మోస్తున్నావని అడిగితే, నాకు అబద్ధం రాదు."

శనివారం పొద్దున రత్నాకరం గారు బాగ్ లింగంపల్లిలో ఆటో దిగారు. తెల్లచొక్కా, పాలిష్ చేసిన బూట్లు. బూట్లు చూసి మాసమ్మకు లోపల ఒక నిప్పు మెరిసింది. అవే.

పెట్టె వాకిట్లో సిద్ధంగా ఉంది. ముందురోజు వచ్చి ఆమె దానికి చిన్న మార్పు చేసింది. బట్టల అడుగున విసుర్రాయి పెట్టింది. రెండు రాళ్ళూ.

"ఆటో ఉంచనా?" అన్నారు రత్నాకరం గారు.

"ఎందుకు సార్? ఆ పొద్దు నేను ఆటోలనే వచ్చిన్నా?"

"తలకు కింద ఏదైనా..."

"అయ్యో, అది మరిచిపోతనా." సంచిలోంచి మడతపెట్టిన దుప్పటి తీసింది. "నిరుడు మీ చేత్తోనే ఇచ్చిన్రు. కప్పుకుంటందుకు పల్చగయితది గని నెత్తికింద కుదురుకైతే సరిపోతది."

ఆమె, ఆడబిడ్డ చెరోపక్కా పట్టి పెట్టెను ఆయన నెత్తికెత్తారు. ఆయన మోకాళ్ళు ఒకసారి వంగి లేచాయి.

"ఇంత బరువేంటమ్మా?"

"సంసారం సార్."

ముందు మాసమ్మ, చేతులూపుకుంటూ. వెనక ఆయన. ఆమె దగ్గరి దారి పట్టలేదు. క్రాస్‌రోడ్స్ మీదుగా తీసుకుపోయింది. థియేటర్ల ముందు మార్నింగ్ షో టికెట్లకు జనం. రొట్టెల పిల్లలు ఇద్దరు చూసి, "నమస్తే సార్" అని గట్టిగా అరిచారు. ఆయన తల ఊపలేకపోయారు. ఊపితే పెట్టె పడుతుంది. బస్సు దిగిన ఒకాయన చేతిలో మూటలతో పరుగున వచ్చి, "ఏం తాతా, గిది దించినంక మావి గూడ మోస్తవా?" అని అడిగాడు. మాసమ్మ ఆగి, తీరిగ్గా సమాధానం చెప్పింది.

"లేదన్నా. ఈ సార్ ఒక్క నాదే మోస్తడు."

ఎక్కడ వంపు తిరగాలో అక్కడ ఆమె తిరగలేదు. అశోక్‌నగర్ వైపు నడిచింది.

"ఇటెందుకు? చర్చి అటు కదా."

"ఇటు నీడ ఉంటది సార్."

నీడ లేదు. రత్నాకరం గారి మేడ ఉంది. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న విజయశ్రీ గారు కిందికి చూశారు. మొదట పెట్టెను చూశారు, తర్వాత బూట్లు గుర్తుపట్టారు. చేతిలోని తడి తువ్వాలు జారి కిందపడింది. మాసమ్మ సరిగ్గా గేటు ముందు చెప్పు సరిచేసుకునే మిషతో ఆగింది. ఆయనా ఆగాల్సి వచ్చింది. విజయశ్రీ గారు గ్లాసు నీళ్ళతో పరుగున దిగి వచ్చి, ఆయన రెండు చేతులూ పెట్టెను పట్టుకుని ఉండటంతో గ్లాసును ఆయన నోటికి పెట్టి తాగించారు. చుట్టుపక్కల కిటికీలు తెరుచుకున్నాయి. తర్వాత ఏమనిపించిందో, ఆవిడ లోపలికి వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చి మాసమ్మ ముందు చాపారు.

"నాకు దూప లేదమ్మా. నేనేం మోస్తలేను గదా."

గల్లీలోకి రాగానే అనసూయమ్మ కేక: "సార్‌కొక సోడా కొట్టనా మాసమ్మా?"

"దించనీ అక్కా. ఇంగ దించలే."

గదిలో బెంచీలు తీసేసి కడిగి ఉంచారు. "ఆ మూలకు పెట్టున్రి సార్" అంది. ఒంగి పెట్టారు. "అట్ల గాదు, తడి తగుల్తది. కిటికి కింద." జరిపారు. "ఊఁ, మూలకే మంచిగుండె." ఆయన మళ్ళీ మూలకు జరిపి, నడుం పట్టుకుని లేచారు. ఆమె మూత తెరిచింది. పైన నల్లకోటు, దాని మీద టైరు అచ్చు. కోటు తీసింది, చీర తీసింది, అడుగున విసుర్రాయి బయటపడింది. రత్నాకరం గారు రాళ్ళ వైపు చూశారు. ఆమె ఎదురుచూసింది. ఆయన అరుస్తాడని, అరిస్తే చెప్పడానికి మాట సిద్ధంగా ఉంచుకుంది.

ఆయన చూపు రాళ్ళ మీద నుంచి కోటు మీదికి పోయింది.

"మా నాన్నను మట్టి చేసిన రోజు ఈదయ్య వేసుకున్న కోటు ఇదే కదా" అన్నారు. "ఎండలో గుంత తవ్వేసి, చెమట తుడుచుకుని, ఇది తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు."

మాసమ్మ దీనికి సిద్ధపడలేదు. ఆయనకు గుర్తు ఉండకూడదు. గుర్తు లేనివాడి మీద పగ తేలిక.  

"అవు. అదే. మెడ మీద బరువు పడితే గని యాదికి రాలేదా సార్?"

 ఆయన కోటు మీది అచ్చును బొటనవేలితో రెండుసార్లు రుద్ది చూశారు. పోలేదు. వెళ్ళిపోయారు. సోడా కూడా తాగలేదు.

సాయంత్రం కుర్రాళ్ళు పాకకున్న తలుపు ఊడదీసి తెచ్చి గదికి బిగించారు. అది ఆమె రెండో షరతు, ఆఖరి నిమిషంలో పెట్టింది. మర్నాడు బిషప్‌గారు వచ్చి, తలుపు లేని పాకను చూసి చాలాసేపు నిలబడి, ప్రసంగంలో దాన్నే ఎత్తుకున్నారు. క్రీస్తు ఇంటికి తలుపు ఉండదని, ఈ ఆలోచన చేసినవారు ధన్యులని చెప్పారు. కమిటీ తలలన్నీ మెచ్చుకోలుగా రత్నాకరం గారి వైపు తిరిగాయి. ఆయన మాత్రం మెడ తిప్పలేక సూటిగా సిలువ వైపే చూస్తూ కూర్చున్నారు. వెనక బెంచీలో మాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫంక్షన్ హాలు కట్టారు. అలాంటివి ఆగవు. గుడిసె ఉన్నచోట ఇప్పుడు పెళ్ళి వంటల గాడిపొయ్యి. బావి పక్క గది మాత్రం మాసమ్మదే, రొట్టెల పొయ్యి దాని ముందే. ఇంకో మార్పు కూడా వచ్చింది. మరుసటి అడ్వెంటులో పంచిన దుప్పట్లు మందంగా ఉన్నాయి. కొనడానికి రత్నాకరం గారే స్వయంగా వెళ్ళారనీ, కొట్టువాడు చూపించిన ప్రతి దుప్పటినీ నాలుగు మడతలు వేసి నెత్తిన పెట్టుకుని చూశారనీ అనసూయమ్మ చెప్పుకుని నవ్వేది. నిజమో కాదో.

పేరు పిలిస్తే మాసమ్మ వెళ్ళి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి వెలుగుకు ఎత్తి చూసింది. చుక్కలు కనబడేలా లేదు. తల ఊపి, అప్పుడు, మైకు ముందే, అందరికీ వినబడేలా అడిగింది.

"మెడ ఎట్లుంది సార్?"

ఆ ఏడు అడిగింది. ఆ తర్వాతి ఏడూ అడిగింది. మొదటి కొవ్వొత్తి వెలిగిన ఆదివారం గేటు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి, ఆయన కారు దిగగానే అదే మాట. ఆయన "పర్వాలేదమ్మా" అని తలొంచుకుని లోపలికి పోయేవారు. చివరికి సత్యానందం గారే ఉండబట్టలేక ఆమెను పక్కకు పిలిచారు.

"మాసమ్మా, మోసిన తర్వాత క్షమిస్తానన్నావు. ఇంకా క్షమించలేదా?"

మాసమ్మ చీపురు గోడకు ఆనించి, నిజంగానే ఆలోచించింది.

"క్షమించిననాడు అడుగుడు బంద్ చేస్త అయ్యగారు" అంది. "మీకు ఎర్కయితది."